మా ఊరి గాలికి వాటా కట్టండి

ఆషాఢం వస్తే అనంతపురం జిల్లాలో ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు వైపు పల్లెల్లో గాలి తప్ప మరో మాట ఉండదు. రేకుల మీద రాళ్ళు పెట్టుకోవాలి, ఆరేసిన బట్టలు పక్కింటి కంచెలో వెతుక్కోవాలి. గాలి ఇంత ఉంటుంది గానీ వాన ఉండదు. ఇదే గాలి అరేబియా సముద్రం మీంచి తేమ మోసుకొచ్చి పడమటి కనుమల మీద కుమ్మరిస్తుంది. కర్ణాటకలో కనుమల మీదున్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది. కనుమలు దాటి మా దాకా వచ్చేసరికి ఆ గాలిలో తడి అయిపోయి ఊపు మాత్రం మిగులుతుంది. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చెనిక్కాయ విత్తనం వేసి ఆకాశం చూస్తూ కూర్చున్న రైతుకు ఈ గాలంటే ఒళ్ళుమంట. నేలలో ఉన్న కాస్త పదును కూడా లాక్కుపోతుంది.

తరతరాలుగా మమ్మల్ని ఎండబెట్టిన ఆ గాలికే ఇప్పుడు యూనిట్ల లెక్కన ధర పలుకుతోంది. కొండల మీద, చేల మధ్య వందల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మా వైపు వాటిని ఎవరూ పవన విద్యుత్ యంత్రాలు అనరు, ఫ్యాన్లనే అంటారు. నేను వాటికి వ్యతిరేకిని కాను. బొగ్గు కాల్చకుండా, చుక్క నీరు తాగకుండా కరెంటు ఇచ్చేది మా జిల్లాలో ఉన్నందుకు నాకు సంతోషమే. నా వాదన ఒక్కటే: ఈ గాలితో పుట్టే ప్రతి యూనిట్ మీద, ఆ గాలి వీచే ఊళ్ళకు ఇంత అని వాటా రావాలి. బడికి నాలుగు బెంచీలిచ్చి, బోరు ఒకటి వేయించి ఫొటో దిగే సాయం గురించి కాదు నేను మాట్లాడేది. హక్కుగా, లెక్క ప్రకారం, ఏటేటా పంచాయతీ ఖాతాలో పడే డబ్బు గురించి.

ఈ మాట అనడానికి ముందు మా వాళ్ళతో ఒక విషయం తేల్చుకోవాలి. ఫ్యాన్లు వచ్చాక వానలు పోయాయన్న మాట అనంతపురం జిల్లాలో ఎక్కడికి వెళ్ళినా వినిపిస్తుంది. మా చిన్నాయన కూడా అదే అంటాడు. "ఏమప్పా, నువ్వు సదువుకున్నోడివి, సెప్పు. ఈ ఫ్యాన్లు వచ్చినాంక మోడం వచ్చినట్టే వచ్చి యాడికో పోతాది. అంతంత రెక్కలు ఇసురుతాంటే మోడం నిలుస్తాదా?" నవ్వి ఊరుకోవడం నాకు చేతకాలేదు. వరసగా నాలుగేళ్ళు పంట పోయినవాడికి కళ్ళెదుట కొత్తగా కనిపించేది ఆ ఫ్యానే. అనుమానం దాని మీదికి పోక ఎక్కడికి పోతుంది?

కానీ అది నిజం కాదు. మా వైపు చాలా ఫ్యాన్లలో రెక్క పైకి లేచినప్పుడు దాని కొస నేల నుంచి 150, 170 మీటర్లకు మించదు. వాన కురిసే మేఘాలు కిలోమీటర్ల మందాన ఉంటాయి, అవి కదిలేది పైనున్న గాలుల్లో. వాటిని చెదరగొట్టే సత్తా ఈ యంత్రాలకు లేదు. ఫ్యాన్ల వల్ల వాతావరణంలో అసలు తేడానే రాదని కూడా అనను. రాత్రిపూట నేల దగ్గరి చల్లగాలిని పైగాలితో కలియబెట్టడం వల్ల ఆ చుట్టుపక్కల కాస్త వెచ్చబడుతుందని అమెరికాలోని టెక్సస్‌లో ఉపగ్రహాల కొలతల్లో తేలింది. అంతవరకే. మా కరువు ఫ్యాన్లకంటే చాలా పాతది. 1876-78 నాటి పెద్ద కరువులో సీమ పల్లెలు మాడిపోయినప్పుడు ఇక్కడ ఏ ఫ్యానూ లేదు. ఇదంతా చెబితే చిన్నాయన కాసేపు ఆలోచించి, "అట్లయితే ఆ దుడ్లు ఎవురికి పోతాండాయి?" అన్నాడు. అసలు అడగాల్సింది అదే. వానల మీద గొడవ పడుతున్నంత కాలం ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

డబ్బు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ఫ్యాను పనిచేసే తీరు తెలియాలి. గాలి రెక్కను వెనక్కి తోస్తే అది తిరుగుతుందనుకుంటాం. అలా కాదు. ఆ రెక్కను అడ్డంగా కోస్తే విమానం రెక్క ఆకారమే కనబడుతుంది. గాలి దాని రెండు వైపులా జారిపోయేటప్పుడు ఒకవైపు ఒత్తిడి తగ్గుతుంది, ఆ తేడా రెక్కను లాగుతుంది. అందుకే నిదానంగా తిరుగుతున్నట్టు కనబడినా కొస దగ్గర దాని వేగం గంటకు 250 కిలోమీటర్లు దాటుతుంది. పైనున్న పెట్టెను నాసెల్ అంటారు. అందులో గేర్‌బాక్స్ ఉంటుంది. నిమిషానికి పది పదిహేను చుట్లు తిరిగే ఇరుసు వేగాన్ని అది వెయ్యి, పదిహేను వందల చుట్ల దాకా పెంచి జనరేటర్‌కిస్తుంది. కొన్ని కంపెనీల యంత్రాల్లో గేర్‌బాక్స్ లేకుండా పెద్ద జనరేటర్‌నే నేరుగా తిప్పుతారు. జనరేటర్ చేసే పని మన సైకిల్ డైనమో చేసినదే: తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం తిరిగితే తీగలో కరెంటు పుడుతుంది.

మా పెద్దమ్మ కొడుకు కొన్నాళ్ళు ఫ్యాన్ల దగ్గర టెక్నీషియన్‌గా చేశాడు. వాడి వెంట ఒకసారి టవర్ లోపలికి వెళ్ళాను. ఇనుప మెట్లెక్కి, చిన్న తలుపు తీస్తే లోపల గుయ్యిమని మోత, నూనె వాసన. పైకి చూస్తే నిచ్చెన చీకట్లోకి పోయి మాయమవుతుంది. తలుపు పక్కన ప్యానెల్, దాని మీద రెండు అంకెలు కదులుతున్నాయి: గాలి వేగం, పుడుతున్న కరెంటు. గాలి సెకనుకు 8 మీటర్లున్నప్పుడు 870 కిలోవాట్లు చూపించింది. కాసేపటికి గాలి ఊపందుకుని 9 దాకా వెళ్ళింది. కరెంటు 1,200 దాటింది. గాలి పెరిగింది ఎనిమిదో వంతు, కరెంటు మాత్రం నూటికి నలభై వరకు ఎగబాకింది. గాలిలోని శక్తి దాని వేగపు ఘనంతో పెరుగుతుందని ఎప్పుడో చదువుకున్నాను గానీ, ఆ అంకెలు కళ్ళముందు దూకుతుంటే తెలిసింది వేరు.

ఆ ఒక్క సూత్రం మీదే ఈ వ్యాపారం నిలబడి ఉంది. మామూలు చోటికీ, గాలి కాస్త ఎక్కువ వీచే చోటికీ తేడా సెకనుకు ఒక మీటరే అయినా, పాతికేళ్ళలో అది కోట్ల తేడా. సెకనుకు 3 మీటర్ల గాలి ఉంటే ఫ్యాను మొదలవుతుంది, 11, 12 దగ్గర పూర్తి సామర్థ్యానికి వస్తుంది, 25 దాటితే రెక్కలు అంచును గాలివైపు తిప్పుకొని ఆగిపోతాయి. గాలిలో ఉన్న శక్తినంతా పిండుకోవడం ఎవరివల్లా కాదు, ఎందుకంటే గాలి రెక్కల వెనక ఆగిపోతే ముందు గాలికి దారి ఉండదు. ఎంత మంచి యంత్రమైనా 59.3 శాతాన్ని మించి తీసుకోలేదని జర్మనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ళ కిందటే లెక్క తేల్చాడు. కంపెనీలు మా ఊరికి వచ్చింది మా మీద ప్రేమతో కాదు, ఆ అదనపు ఒకటి రెండు మీటర్ల గాలి కోసం. అంటే దానికి ధర ఉంది. ధర ఉన్న సరుకుకు యజమాని ఎవరో తేలాలి.

మా వాళ్ళకు జరిగింది చెబుతాను. మా చిన్నాయన రెండెకరాలు ఇచ్చాడు. వచ్చినవాడు కంపెనీ మనిషి కూడా కాదు, తెలిసిన ఏజెంటు. మెట్ట భూమి, రాళ్ళ నేల, ఎకరాకు వాడు చెప్పిన రేటు అప్పటికి ఎక్కువే అనిపించింది. కూతురి పెళ్ళి ఉంది, బ్యాంకులో అప్పుంది. రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ తర్వాత క్రేన్ వచ్చింది, రెక్కలు మోసే పొడవాటి లారీలు మలుపు తిరగడానికి పక్క చేల గట్లు తీశారు, వందల ఘనపు మీటర్ల కాంక్రీటు భూమిలోకి వెళ్ళింది. ఒక్కసారి వచ్చిన డబ్బు పెళ్ళితో అయిపోయింది. ఫ్యాను మాత్రం పాతికేళ్ళు తిరుగుతుంది. పక్క చేను ఆయనకు గట్టు తీసినందుకు కొంత పరిహారం ముట్టింది. ఆ పక్కాయనకు ఏమీ లేదు, రాత్రంతా రెక్కల చప్పుడు తప్ప.

ఇందులో పైకి కనబడని అన్యాయం ఒకటుంది. 97 మీటర్ల వ్యాసం ఉన్న ఫ్యాను తీసుకోండి, మా వైపు ఆ సైజువి చాలానే ఉన్నాయి. దాని రెక్కలు గీసే గుండ్రం వైశాల్యం మన లెక్కలో ఒక ఎకరా ఎనభై రెండు సెంట్లు. నిలువుగా నిలబెట్టిన చేను అది. గాలి 8 మీటర్లున్నప్పుడు ఆ గుండ్రం గుండా సెకనుకు 60 టన్నులకు పైగా గాలి పోతుంది. రెక్కల్ని దాటిన గాలి బలం తగ్గి, సుళ్ళు తిరుగుతూ చాలా దూరం పోతుంది. ఆ నీరసించిన గాలిలో మరో ఫ్యాను పెడితే గిట్టుబాటు కాదు. అందుకే ఒకవైపు వ్యాసానికి ఐదు రెట్లు, గాలి వీచే వైపు ఏడు రెట్లు ఎడం వదలాలన్నది మన దేశంలో చాలాకాలం నడిచిన లెక్క. గుణించి చూడండి: 485 మీటర్లు ఇటు, 679 మీటర్లు అటు. ఎనభై ఎకరాలు.

అంటే కంపెనీ కొన్నది రెండెకరాల నేల, వాడుకుంటున్నది ఎనభై ఎకరాల మీది గాలి. మిగతా డెబ్బై ఎనిమిది ఎకరాల రైతులు తమ చేలో ఫ్యాను పెట్టించుకునే అవకాశం పాతికేళ్ళపాటు పోగొట్టుకున్నారు, రూపాయి ముట్టకుండా, తమకేదో పోయిందన్న సంగతి కూడా తెలియకుండా. భూమి ఎవరిదో చూసి డబ్బులిచ్చే పద్ధతి గాలి విషయంలో ఎందుకు కుదరదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి లెక్క దొరకలేదు. గాలి ఒక్కరి గట్టు దగ్గర ఆగదు. దాని మీద వచ్చే వాటా కూడా ఊరంతటికీ చెందాలి.

ఇదేదో కొత్త కోరిక కాదు. బొగ్గు తవ్వితే రాష్ట్రానికి దాని ధరలో 14 శాతం రాయల్టీ కట్టాలి. 2015లో గనుల చట్టం మార్చాక, ఆ రాయల్టీకి తోడు కొంత సొమ్ము జిల్లా ఖనిజ నిధికి వెళ్ళాలి, గనుల వల్ల నష్టపోయిన ఊళ్ళకు ఖర్చుపెట్టాలి. నది మీద జలవిద్యుత్ కేంద్రం కడితే ఆ రాష్ట్రానికి 12 శాతం కరెంటు ఉచితంగా ఇవ్వాలి. 2008 నాటి కేంద్ర విధానం దానికి ఇంకో 1 శాతం కలిపి స్థానిక అభివృద్ధికి కేటాయించమంది. భూమి కింది బొగ్గుకు వాటా ఉంది, భూమి మీది నీటికి వాటా ఉంది. ఇలాంటి పద్ధతి భూమి పైన వీచే గాలికి లేదు. గాలి తరిగిపోదు కదా అంటారు. నది మాత్రం తరిగిపోతుందా? ఆ నీరు టర్బైన్ తిప్పి మళ్ళీ నదిలోకే పోతుంది, అయినా వాటా ఇస్తున్నారు కదా.

బయటి దేశాల సంగతి చూద్దాం. డెన్మార్క్‌లో పోల్ లా కూర్ అనే ఉపాధ్యాయుడు 1891లోనే అస్కోవ్ గ్రామంలో గాలితో కరెంటు తీశాడు. అక్కడ మొదటి నుంచీ రైతులు కలిసి ఫ్యాన్లు పెట్టుకున్నారు. పెద్ద కంపెనీలు దిగాక, 2009 నుంచి ఒక చట్టం నడిపారు: కొత్త ప్రాజెక్టులో కనీసం 20 శాతం వాటాలు నాలుగున్నర కిలోమీటర్లలోపు నివసించేవాళ్ళకు కొనుక్కోమని చూపించాలి. 2020లో దాన్ని తీసేసి, దగ్గర ఇళ్ళవాళ్ళకు ఏటా బోనస్ ఇచ్చే పద్ధతి తెచ్చారు. జర్మనీలో 2021 నుంచి రెండున్నర కిలోమీటర్ల పరిధిలోని స్థానిక సంస్థలకు యూనిట్‌కు 0.2 యూరో సెంట్ల వరకు ఇవ్వవచ్చని చట్టంలోనే రాశారు. మన డబ్బుల్లో అది 18 పైసలకు తగ్గదు.

నేను అడిగేది 5 పైసలు. లెక్క చూడండి. 2 మెగావాట్ల ఫ్యాను ఏడాదంతా పూర్తిగా తిరిగితే కోటీ డెబ్బై ఐదు లక్షల యూనిట్లు రావాలి. కానీ మా గాలి ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకే, మిగతా నెలల్లో కునుకుతుంది. అందుకని నాలుగో వంతే వేసుకుందాం: 43 లక్షల 80 వేల యూనిట్లు. దశాబ్దం కిందటి ఒప్పందాల్లో ధర యూనిట్‌కు 4.84 రూపాయలు. ఏడాదికి రెండు కోట్ల పన్నెండు లక్షలు. అందులో యూనిట్‌కు 5 పైసలంటే రెండు లక్షల పందొమ్మిది వేలు, నూటికి ఒక రూపాయి అన్నమాట. పది ఫ్యాన్లున్న పంచాయతీకి ఏటా దాదాపు 22 లక్షలు. మా పంచాయతీ ఇంటి పన్నుల మీద నెట్టుకొస్తోంది. ఆ డబ్బుంటే చెరువుకు పూడిక తీయవచ్చు, పూడుకుపోయిన వంక కాలువలు బాగుచేయవచ్చు, వచ్చే ఆ కాస్త వానను నిలబెట్టుకోవచ్చు.

5 పైసలకే కంపెనీలు పారిపోతాయని బెదిరించేవాళ్ళున్నారు. మన రాష్ట్రంలో ఫ్యాన్లు ఆగింది ఊళ్ళు వాటా అడిగినందుకు కాదు. 2019లో ప్రభుత్వం పాత ఒప్పందాల ధరలు ఎక్కువని తిరగదోడింది. గాలి కరెంటుకు యూనిట్‌కు 2.43 రూపాయలే ఇస్తామంది. కోర్టుల్లో నలిగి నలిగి, 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న ధరే కట్టాలని చెప్పింది. ఆ మధ్య కొన్నేళ్ళు రాష్ట్రంలో పవన విద్యుత్ సామర్థ్యం 4,100 మెగావాట్ల దగ్గరే ఉండిపోయింది. ఆ గొడవంతా ఒక యూనిట్‌కు రెండున్నర రూపాయలు ఎవరి జేబులో ఉండాలన్నదే. ప్రభుత్వం ఒకవైపు, కంపెనీలు ఒకవైపు, మధ్యలో కరెంటు పంచే సంస్థలైన డిస్కమ్‌లు. గాలి ఎవరి నెత్తిన వీస్తోందో ఆ ఊరి పేరు ఏ వాదనలోనూ లేదు. రెండున్నర రూపాయల మీద మూడేళ్ళు కొట్లాడుకున్నవాళ్ళకు 5 పైసలు బరువవుతాయంటే నేను నమ్మను.

"మా నెత్తిన తిరిగే ఫ్యాను కరెంటు మాకెందుకు రాదు, మా ఊళ్ళో కోతలెందుకు?" అని కూడా అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే, కానీ జవాబు వేరు. ఫ్యానులో పుట్టే కరెంటు సాధారణంగా 690 వోల్టులు. టవర్ దగ్గరే దాన్ని 33 వేల వోల్టులకు పెంచి, అక్కడి నుంచి పెద్ద సబ్‌స్టేషన్‌కు పంపి, అక్కడ 220 వేలకు పెంచి గ్రిడ్‌లో కలుపుతారు. మన ఊరికి వచ్చేది వేరే దారిలో, 11 వేల వోల్టుల ఫీడర్ మీద. ఆ ఫీడర్ తెగితే ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా ఇంట్లో బల్బు వెలగదు. అందుకే నేను కరెంటులో వాటా అడగడం లేదు, డబ్బులో అడుగుతున్నాను.

వాటా అంటే డబ్బొక్కటే కాదు, మాట చెల్లడం కూడా. మన దేశంలో గాలి ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనలు వర్తించవు. బొగ్గు కాల్చడంలేదు కాబట్టి అవసరం లేదన్నది వాళ్ళ వాదన. చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లి కొండలు చూసినవాళ్ళు అలా అనలేరు. అక్కడ బోడికొండలను టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి ఏళ్ళ తరబడి కాపాడి అడవి చేశారు. గొర్రెలకు మేత, బుట్టలకు ఈత ఆకు, ఒరవల్లో నీళ్ళు మళ్ళీ వచ్చాయి. కాగితాల్లో మాత్రం అది బంజరు. ఫ్యాన్ల కోసం ఆ గుట్టల మీద రోడ్లు కోసుకుంటూ పోయారు, మట్టి జారి వంకల్లో పడింది, గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. నేను ఫ్యాన్లను సమర్థించే మనిషినే, అయినా అక్కడ జరిగింది నాకు మింగుడు పడలేదు. గ్రామసభను ముందే కూర్చోబెట్టి, ఏ గుట్టను వదిలేయాలి, ఏ దారిన లారీలు రావాలి అని అడిగి ఉంటే సగం నష్టం తప్పేది. గొర్రెలు కాసుకునేవాడికి పట్టా ఉండదు, పరిహారం జాబితాలో పేరుండదు. పోయేది ముందుగా అతని బతుకే.

మా వైపు ఊళ్ళకు ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, అవకాశం మళ్ళీ వస్తోంది. 1990లలో రామగిరి కొండల మీద పెట్టిన తొలి తరం ఫ్యాన్లు చిన్నవి, పొట్టివి. అలాంటి పాతవాటి స్థానంలో పెద్దవి పెట్టడానికి కేంద్రం 2023లో కొత్త విధానం ప్రకటించింది. 120 మీటర్ల ఎత్తులో మన రాష్ట్రంలో దాదాపు 75 వేల మెగావాట్లకు గాలి ఉందని చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ అంచనా. అందులో కొంతే కట్టినా, వచ్చే పదేళ్ళలో ఏజెంట్లు మళ్ళీ మన వాకిళ్ళలోకి వస్తారు. ఈసారి అమ్మకం పత్రం పెడితే సంతకం పెట్టకండి, కౌలు అడగండి. కౌలు రేటు కొన్నేళ్ళకోసారి పెరగాలని రాయించండి. పాతికేళ్ళ తర్వాత ఆ కాంక్రీటు ఎవరు తవ్వి తీస్తారో కూడా రాయించండి. పక్క చేల వాళ్ళను వెంటబెట్టుకుని మాట్లాడండి. విడివిడిగా పోతే రేటు ఎలా పడిపోతుందో మన దగ్గర చెనిక్కాయ అమ్మేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మా ఊళ్ళో కొందరం కలిసి యూనిట్‌కు 5 పైసలు కోరుతూ గ్రామసభలో తీర్మానం పెట్టించాలని తిరుగుతున్నాం. దానికి చట్టబలం లేదని నాకూ తెలుసు. యాభై పంచాయతీలు అదే తీర్మానం చేసి కలెక్టరుకు, విద్యుత్ నియంత్రణ మండలికి పంపితే, తర్వాతిసారి టారిఫ్ మీద బహిరంగ విచారణ జరిగినప్పుడు మన మాట రికార్డులోకి ఎక్కుతుంది. ముసాయిదా రాసి పెట్టాను, అడిగిన ఊరికల్లా ఇస్తాను. కళ్యాణదుర్గం, రాయదుర్గం, తాడిపత్రి వైపు ఏ ఊళ్ళోనైనా ఇలాంటి తీర్మానం ఇప్పటికే చేసి ఉంటే, దాని నకలు నాకు పంపండి.